ఆకలిగొన్నవారికి మంచి అన్నమే పెడదాం

దబీర్‌పురా ఫ్లైఓవర్ కింద 2012లో అజహర్ మక్సూసీగారు పేదలకు మధ్యాహ్న భోజనం పెట్టడం ప్రారంభించారు. హిమాయత్‌నగర్‌లో ఉన్న మనం కూడా ఇలాంటి అన్నదాన స్థలాలను చూచి, చేతనైన సాయం చేయవచ్చును.

అయితే ఒక జాగ్రత్త అవసరం. విందులో మిగిలిన అన్నం గంటల తరబడి బయట ఉంటే, ఉడికించినా చావని సూక్ష్మక్రిములు అందులో పెరిగి విషాన్ని పుట్టిస్తాయి. మళ్ళీ వేడిచేసినా ఆ విషం పోదు. వాంతులు, విరేచనాలు కలుగుతాయి. అసలే నీరసించినవారికి, పసిపిల్లలకు ఇది ప్రాణాపాయం కావచ్చును.

కనుక వండినది రెండు గంటలలోపే అందజేద్దాం. వీలుకాకపోతే బియ్యం, కందిపప్పు, నూనె ఇద్దాం. వెళ్ళేముందు వారికేమి కావాలో అడిగి తెలుసుకుందాం. మన పిల్లలకు పెట్టని అన్నం ఎవరికీ పెట్టవద్దు.