రాత్రి మిగిలిన యాటకూర – పొద్దుగాల ఆలుగడ్డ నాష్టా



ఈసారి గోడపత్రికకు నేను వంట మీద ఒక పాఠం రాస్తున్నాను. వంట మీద పాఠం ఏంది అని నవ్వకండి. సైన్సు పుస్తకంలో బాష్పీభవనం ఉంది, సూక్ష్మజీవులు ఉన్నాయి. లెక్కల పుస్తకంలో ఘాతాంకాలు ఉన్నాయి. ఇవన్నీ మన పొయ్యి మీద గంజులో కూడా ఉన్నాయి. చదివితే మీకే తెలుస్తుంది.

రాత్రి యాటకూర మిగిలితే, పొద్దుగాల ఆలుగడ్డలు కోసి దానితో కలిపి గోలించి జొన్నరొట్టెతో తింటారు. మధ్యాహ్నం దాకా ఆకలి కాదు. ఇంగ్లీషువాళ్లు ఇటువంటి వంటను హ్యాష్ అంటారు. ఆ మాట ఫ్రెంచి భాషలో "చిన్న ముక్కలుగా నరుకుట" అనే మాట నుండి వచ్చింది. మన దిక్కు దీనికి పెద్ద పేరేమీ లేదు. గోలిచ్చిన కూర అంటాం, అంతే.

మిగిలిన కూర ఎవరి వంతు?

దేవరకొండ, అచ్చంపేట దిక్కు తండాలల్ల కూర రోజూ ఉండదు. సీత్లా పండుగకో, పెళ్లికో, చుట్టాలు వస్తేనో యాటను కోస్తారు. ఆ రోజు ముందు చుట్టాలు, మొగవాళ్లు తింటారు. తర్వాత పిల్లలు. ఆఖరుకు ఆడవాళ్లు కూర్చుంటారు. గంజు అడుగున ఉన్నదే వాళ్లకు. అందుకని మిగిలిన కూర అంటే ఎవరికీ వద్దన్న కూర కాదు. చాలా ఇండ్లల్ల అది అమ్మ వంతు, ఆడపిల్ల వంతు. అది పాడైతే పోయేది వాళ్ల వంతే. పాడైందని తెలిసినా పారేయ మనసొప్పక తింటే జబ్బు పడేది కూడా వాళ్లే. అందుకే ఈ పాఠం మనకు అవసరం.

ఇంకొక మాట. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుండి 19 ఏండ్ల ఆడపిల్లలు 100 మందిలో 59 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. మాంసంలో ఉండే ఇనుము, ఆకుకూరలో ఉండే ఇనుము కన్నా తొందరగా ఒంటికి పడుతుంది. నిమ్మకాయ పిండుకుంటే ఆకుకూర, జొన్నలలో ఉన్న ఇనుము కూడా ఎక్కువ ఒంటికి వస్తుంది. తినంగనే చాయ్ తాగితే తక్కువ వస్తుంది. 100 గ్రాముల యాట మాంసంలో సుమారు 20 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. మన వయసు ఆడపిల్లకు రోజుకు 43 గ్రాముల వరకు కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. అంటే నాలుగు ముక్కలైనా మనకు విలువైనవే.

కూర ఎట్లా పాడయితది?

కూర పాడు కావడానికి కారణం బ్యాక్టీరియా. వాటికి మూడు కావాలి: తిండి, నీళ్లు, వెచ్చదనం. కూరలో మూడూ ఉన్నాయి. 5 డిగ్రీల సెల్సియస్ నుండి 60 డిగ్రీల మధ్య అవి బాగా పెరుగుతాయి. అనుకూలంగా ఉంటే 20 నిమిషాలకు ఒక్కటి రెండు అవుతుంది.

ఇప్పుడు లెక్క వేద్దాం. రాత్రి 10 గంటలకు కూరలో ఒక్క బ్యాక్టీరియా పడింది అనుకోండి. గంటకు మూడు సార్లు రెట్టింపు అయితే, పొద్దున 6 గంటలకు 8 గంటలు, అంటే 24 సార్లు రెట్టింపు. 2ను 24 సార్లు గుణిస్తే 1,67,77,216. ఒక్కటి కోటిన్నర దాటింది! ఘాతాంకాలు ఎందుకు నేర్పుతారో నాకు ఈ లెక్క వేసినప్పుడు బాగా అర్థమయ్యింది.

"పొద్దున మళ్లీ మరిగిస్తే చస్తాయి కదా" అని అడుగుతారు. బ్యాక్టీరియా చస్తాయి. కానీ కొన్ని చచ్చేముందే విషం విడిచిపెడతాయి. మన ముక్కులో, చేతి పుండ్లలో ఉండే స్టెఫైలోకాకస్ అనేది అటువంటిది. దాని విషం మరిగించినా పోదు. వాసన కూడా రాదు. కాబట్టి "వాసన చూసిన, బాగానే ఉంది" అంటే సరిపోదు. "కొంచెం రుచి చూసి చెప్పు" అని చిన్నపిల్లకు ఇవ్వడం అసలే తప్పు.

క్లాస్ట్రిడియం పెర్ఫ్రింజెన్స్ అనేది ఇంకొకటి. ఇది మాంసం కూరలో ఎక్కువ. పెద్ద గంజులో కూర మెల్లగా చల్లారుతుంటే దీనికి పండుగే. వండేటప్పుడు చావకుండా సిద్ధబీజాలుగా ఉండి, వేడి తగ్గంగనే లేస్తుంది. తిన్నవాళ్లకు కడుపునొప్పి, విరేచనాలు అవుతాయి. పెళ్లిళ్లలాంటి పెద్ద వంటలలో దీని భయం ఎక్కువ.

ఎట్లా దాచాలి? మూడు దారులు

మొదటిది దాలి. పిడకల నిప్పు మీద పాలు రోజంతా కాగుతూ ఉంటాయి, విరగవు. కూర గంజును కూడా అట్లనే దాలి మీద పెట్టి, పొగలు వస్తూ ఉండేటట్టు ఉంచితే 60 డిగ్రీల కన్నా పైనే ఉంటుంది, బ్యాక్టీరియా పెరగదు. మా యాడికి బడి తెలియదు, థర్మామీటరు తెలియదు. కానీ "గంజుకు వేలు పెడితే సుర్రుమనాలె, లేకుంటే నిప్పు సాలదు" అంటది. సైన్సు చెప్పేది కూడా అదే. పొద్దుగాల గంజు చల్లబడి ఉంటే ఆ కూర తినవద్దు.

రెండోది ఫ్రిజ్. ఇప్పుడు తండాలల్ల కూడా కొన్ని ఇండ్లల్ల ఉంది. వండిన రెండు గంటల లోపల కూరను వెడల్పు గిన్నెలో పలుచగా పోసి, మూత పెట్టి లోపల పెట్టాలి. ఎండాకాలం అయితే ఒక్క గంట లోపలే. కరెంటు రాత్రంతా పోతే ఆ కూరను నమ్మవద్దు. మూడు రోజుల కన్నా ఎక్కువ ఉంచవద్దు.

మూడోది తునకలు. దాలి లేదు, ఫ్రిజ్ లేదు అంటే, వండక ముందే ఆలోచించాలి. ఆ పూటకు ఎంత తింటారో అంతే వండి, తక్కిన పచ్చి మాంసాన్ని పలుచని పొడుగు ముక్కలుగా కోసి, ఉప్పు, పసుపు పట్టించి, దారానికి గుచ్చి గట్టి ఎండలో వేలాడదీయాలి. రాత్రి ఇంట్లోకి తేవాలి. మూడు నాలుగు రోజులకు కట్టెలాగ ఎండుతుంది. నీళ్లు లేకపోతే బ్యాక్టీరియా పెరగలేదు. ఉప్పు కూడా నీళ్లను గుంజేస్తుంది. వానాకాలం మాత్రం తునకలు వేయవద్దు, బూజు పడతాయి. తునకలతో నాష్టా చేయాలంటే వేడినీళ్లతో కడిగి, అర్ధగంట నానబెట్టి, మెత్తగా ఉడికించి, ఆ తర్వాత కింద చెప్పినట్టు చేయాలి.

ఈ మూడింటిలో ఏదీ కుదరకపోతే కూరను రాత్రే అందరూ పంచుకుని తినాలి. అప్పుడు అమ్మ వంతు, ఆడపిల్ల వంతు ముందే తీసి పెట్టాలి.

కావలసినవి (నలుగురికి)

మిగిలిన యాటకూర ముక్కలు ఒక గిన్నెడు (సుమారు 200 గ్రాములు), ఆలుగడ్డలు అర్ధకిలో, ఉల్లిగడ్డలు 2, పచ్చిమిరపకాయలు 4, ఎల్లిగడ్డ రెబ్బలు 6, పసుపు చిటికెడు, నూనె 3 చెంచాలు, కొత్తిమీర, నిమ్మకాయ 1. ఉప్పు ఆఖరుకు చూసి వేయాలి, ఎందుకంటే కూరలో ముందే ఉంటుంది.

ఆలుగడ్డ పచ్చబడితే గానీ, మొలకలు వస్తే గానీ అందులో సోలనిన్ అనే విషం ఎక్కువవుతుంది. ఉడికించినా పోదు. పచ్చగా ఉన్న కాడికి లోతుగా కోసి తీసేయాలి. గడ్డంతా పచ్చగా ఉంటే పారేయాలి.

చేసే విధానం

1. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. చేతికి పుండు ఉన్నవాళ్లు ముట్టవద్దు.

2. కూరలో ముక్కలను పులుసు నుండి తీసి, బొక్కలు వేరు చేసి, చిన్నగా తుంచాలి. పులుసును పారేయవద్దు.

3. ఆలుగడ్డలను కడిగి రేగుపండంత ముక్కలు కోయాలి. నీళ్లు లేకుండా బట్టతో అద్దాలి.

4. ఇనుప మూకుట్లో నూనె వేడి చేసి ఆలుగడ్డలు, పసుపు వేసి మూత పెట్టి 10 నిమిషాలు సన్నమంట మీద ఉంచాలి. మూతకు పట్టిన ఆవిరే వాటిని ఉడికిస్తుంది.

5. మూత తీసి మంట పెంచాలి. ఊకె కలపవద్దు. ఒక దిక్కు ఎర్రగ అయినంక గంటెతో తిప్పాలి.

6. ఉల్లిగడ్డ, మిరపకాయ, దంచిన ఎల్లిగడ్డ వేసి మెత్తబడనివ్వాలి.

7. ఇప్పుడు మాంసం వేసి, మూడు నాలుగు చెంచాల పులుసు పోసి, గంటెతో అదిమి, బుసబుస పొంగుతూ 5 నిమిషాలన్నా ఉడకనివ్వాలి. నడిమిట్ల ముక్క కూడా పొగలు కక్కాలి. పైన వేడి, లోపల చల్లగా ఉంటే లాభం లేదు.

8. దించినంక కొత్తిమీర చల్లి నిమ్మకాయ పిండాలి. పొయ్యి మీద ఉన్నప్పుడు పిండితే సి విటమిను వేడికి పోతుంది.

వేడివేడి జొన్నరొట్టెతో తినాలి. ఒకసారి వేడి చేసిన దాన్ని మళ్లీ దాచవద్దు.

ఎర్రగ ఎందుకయితది?

నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. మూకుట్లో నీళ్లు ఉన్నంతసేపు ముక్కల వేడి 100 దాటదు. ఆ వేడంతా నీళ్లను ఆవిరి చేయడానికే పోతుంది. నీళ్లు ఆరినంక వేడి 140 దాటి, మాంసకృత్తులు, చక్కెరలు కలిసి ఎర్రబడి కమ్మటి వాసన వస్తుంది. లూయీ కామిల్ మెయిలార్డ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1912లో దీని గురించి రాశాడు. అందుకే ఆయన పేరే పెట్టారు. ఆలుగడ్డలను బట్టతో అద్దమన్నది ఇందుకే.

ఆలుగడ్డ ఎక్కడిది?

ఆలుగడ్డ మన దేశంది కాదు. దక్షిణ అమెరికాలో పెరూ, బొలీవియా దేశాల ఆండీస్ కొండలల్ల అక్కడి ఆదివాసులు వేల ఏండ్ల కిందనే దాన్ని పండించారు. 16వ శతాబ్దంలో స్పెయిన్‌వాళ్లు ఐరోపాకు తీసుకపోయారు. తర్వాత పోర్చుగీసువాళ్లు మన దేశానికి తెచ్చారు. మరాఠీలో ఇప్పటికీ బటాటా అంటారు, అది పోర్చుగీసు మాటే.

ఆ కొండల ఆదివాసులు రాత్రి మంచులో ఆలుగడ్డలను గడ్డకట్టించి, పగలు కాళ్లతో తొక్కి నీళ్లు తీసి, ఎండబెట్టి ఏండ్లకేండ్లు దాచుకుంటారు. దాన్ని చున్యో అంటారు. మాంసాన్ని కూడా మన తునకల లెక్కనే ఎండబెడతారు. దాని పేరు చార్కి. ఇంగ్లీషులో జెర్కీ అనే మాట దాని నుండే పుట్టింది. వాళ్లు మనల్ని చూడలేదు, మనం వాళ్లను చూడలేదు. అయినా నీళ్లు తీస్తే తిండి నిలుస్తదని ఇద్దరికీ తెలిసింది. ఆదివాసులకు సైన్సు తెలియదు అని ఎవరన్నా అంటే ఈ సంగతి చెప్పండి.

మన హాస్టల్ సంగతి

అమ్మానాన్నలు చూడవచ్చిన ఆదివారం డబ్బాలో కూర తెస్తారు. యాడి తను తినకుండా ఆపిన కూర అది. దాన్ని పారేయమంటే ఎవరికీ మనసొప్పదు. కానీ పెట్టెలో దాచుకుని సోమవారం పొద్దున తింటే ఏమైతదో పైన లెక్క వేసినాం. కాబట్టి ముందే ఇంటికి చెప్పి పెట్టుకుందాం. రెండు గంటల లోపు తొవ్వ అయితే, బయలుదేరే ముందు మరిగించి వేడిగా డబ్బాలో పోసి తేవాలి. రాగానే వాళ్లతో కలిసి తిని, డబ్బా ఖాళీ చేసి పంపాలి. తొవ్వ దూరమైతే వేయించిన తునకలు, రొట్టెలు, పల్లీలు తెమ్మనాలి.

వార్డెన్ మేడం గారికి ఒక మనవి. ఆ ఆదివారాలు వంటశాలలో ఒక పొయ్యి మాకు ఇప్పించండి. తొమ్మిదో తరగతి పిల్లలం వంతులవారీగా కూర వేడి చేసి ఇస్తాం. ఏ డబ్బా కూడా పెట్టెలోకి పోకుండా చూసుకుంటాం.

ప్రశ్నలు (జవాబులు రాసి గోడపత్రిక డబ్బాలో వేయండి)

1. రాత్రి 9 నుండి పొద్దున 5 వరకు బ్యాక్టీరియా 30 నిమిషాలకు ఒకసారి రెట్టింపు అయితే, ఒక్కటి ఎన్ని అవుతుంది?
2. తునకలు ఎండాకాలంలోనే ఎందుకు వేస్తారు?
3. మీ ఇంట్లో కూర పంచేటప్పుడు ఆఖరుకు ఎవరు తింటారు?

మూడో దానికి పుస్తకంలో జవాబు లేదు. ఇంటికి పోయినప్పుడు చూసి రాయండి.

ఇట్లు
9వ తరగతి విద్యార్థిని