కడుపులో బిడ్డకు కొవ్వు, తల్లి కంచంలో తిండి: న్యూజిలాండ్‌లోని తెలుగు గర్భిణులకు

ఆక్లండ్‌లో ఉన్న అమ్మాయి నెల తప్పిందని తెలియగానే ఇంటి నుంచి రెండు రకాల సలహాలు వస్తాయి. ఇద్దరి తిండి తినమని కొందరు. ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుంది, తగ్గించమని మరికొందరు. రెండూ ప్రేమకొద్దీ చెప్పే మాటలే, కానీ రెండింటితోనూ బిడ్డకు నష్టమే.

కడుపులో బిడ్డ ఎదుగుదలను ప్రధానంగా నడిపేవి బిడ్డ సొంత ఇన్సులిన్, దాన్ని పోలిన ఐజీఎఫ్-1, ఐజీఎఫ్-2 అనే హార్మోన్లు. మనం మామూలుగా గ్రోత్ హార్మోన్ అనే దాని పాత్ర పుట్టాకే పెరుగుతుంది. తల్లి రక్తంలోని చక్కెర మాయ దాటి బిడ్డకు చేరుతుంది, తల్లి ఇన్సులిన్ మాత్రం దాటదు. చక్కెర ఎక్కువైతే బిడ్డ క్లోమమే అదనంగా ఇన్సులిన్ తయారు చేసుకోవాలి. అలా మిగిలిన చక్కెర కొవ్వుగా పేరుకుంటుంది.

మనవాళ్లకు ఇది మరీ ముఖ్యం. పుణె దగ్గరి పల్లెల్లో పుట్టిన పిల్లలను ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ పిల్లలతో పోల్చి డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం 2003లో ఫలితాలు ప్రచురించింది. మన పిల్లల సగటు బరువు 2.7 కిలోలు, అక్కడివాళ్లది 3.5. కండ బాగా తక్కువ, వీపు మీది కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. కాబట్టి బిడ్డ చిన్నగా పుట్టినంత మాత్రాన కొవ్వు తక్కువని అనుకోవడానికి లేదు.

చేయవలసినవి

నెల తప్పిందని తెలిసిన వెంటనే మిడ్‌వైఫ్‌ను కుదుర్చుకోండి. మొదటి రక్తపరీక్షల్లోనే గత కొన్ని నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ చూస్తారు. అది 50 (mmol/mol) లేదా పైన ఉంటే డయాబెటిస్ క్లినిక్‌కు పంపుతారు. 41 నుంచి 49 మధ్య ఉంటే 24-28 వారాల్లో పరగడుపున 75 గ్రాముల గ్లూకోజ్ పరీక్ష, అంతకన్నా తక్కువైతే అదే సమయంలో 50 గ్రాముల గ్లూకోజ్ తాగించి చేసే పరీక్ష. రక్తహీనతో తలసీమియా లక్షణమో ఉంటే హెచ్‌బీఏ1సీ అంకె తప్పుదారి పట్టించవచ్చు, కాబట్టి ఆ విషయం ముందే చెప్పండి.

కంచంలో అన్నం ఒక కప్పుకు తగ్గించి పప్పు, కూర, పెరుగు పెంచండి. తినేవాళ్లయితే గుడ్డు, చేప కూడా. పూట మానకండి. తిన్నాక పది పదిహేను నిమిషాలు నడవండి. శాకాహారులు బీ12 పరీక్ష అడిగి చేయించుకోవాలి. తల్లిలో బీ12 తక్కువ, ఫోలేట్ ఎక్కువ ఉంటే ఆరేళ్ల వయసులో పిల్లల్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదని పుణె అధ్యయనంలోనే తేలింది. అలాగని ఫోలిక్ యాసిడ్ మానేయకండి, దానితోపాటు బీ12 కూడా సరిచూసుకోండి. అయోడిన్ మాత్ర కడుపుతో ఉన్నన్నాళ్లూ, ఆ తర్వాత పాలిచ్చినన్నాళ్లూ వాడాలి.

ఎత్తుకు తగ్గ బరువున్న తల్లి మొత్తం 11.5 నుంచి 16 కిలోలు పెరగవచ్చు. మొదటే బరువు ఎక్కువగా ఉంటే 7 నుంచి 11.5, స్థూలకాయమైతే 5 నుంచి 9.

చేయకూడనివి

బిడ్డ చిన్నగా ఉంటే కాన్పు సులువని తిండి తగ్గించకండి. కండ కట్టాల్సిన చోట కట్టకుండానే బిడ్డ పుడుతుంది. సీమంతం నెలలో స్వీట్లు, మామిడి రసం డబ్బాలు, బెల్లం పోసిన రాగి జావ పూటపూటా వద్దు. బెల్లమైనా ఖర్జూరమైనా రక్తంలోకి వెళ్లాక చక్కెరే. ఇన్సులిన్ తీసుకుంటున్నవాళ్లు క్లినిక్‌కు చెప్పకుండా ఉపవాసాలు ఉండకూడదు. బిడ్డను పెంచుతాయని అమ్మే పొడులు, లేహ్యాలు మిడ్‌వైఫ్‌కు చూపకుండా వాడకండి. కొన్ని నాటు మందుల్లో సీసం ఉంటుంది.

పుట్టిన బిడ్డకు తేనె నాకించవద్దు. ఏడాది నిండేదాకా అది ప్రమాదకరం. చక్కెర నీళ్లు కూడా వద్దు, ముర్రుపాలు చాలు. తల్లికి మధుమేహం ఉన్న బిడ్డకు, మరీ పెద్దగా లేదా మరీ చిన్నగా పుట్టిన బిడ్డకు చక్కెర పడిపోయే ప్రమాదం ఉంటుంది. మడమ మీద చిన్నగా గుచ్చి ఒక చుక్క రక్తం తీసి పదేపదే చూస్తారు. దానికి అభ్యంతరం చెప్పకండి. చక్కెర తగ్గితే డెక్స్‌ట్రోజ్ జెల్‌ను బుగ్గ లోపలి వైపు వేలితో రాసి, వెంటనే పాలు పట్టిస్తారు. హామిల్టన్‌లోని వైకాటో ఆసుపత్రిలో డాక్టర్ జేన్ హార్డింగ్ బృందం చేసిన పరిశోధన 2013లో వెలువడ్డాక ఈ పద్ధతి చాలా దేశాలకు పాకింది. చక్కెర తగ్గిందన్న కారణంతో పిల్లలను తల్లి దగ్గర్నుంచి విడదీసి ప్రత్యేక వార్డుకు పంపడం దీనివల్ల తగ్గింది.

బిడ్డ బొద్దుగా లేదని పక్కింటి బిడ్డతో పోల్చి బలవంతంగా సీసా ఖాళీ చేయించకండి. తూకం చార్టులో బిడ్డ గీత తన దారిలో తాను పైకి వెళ్తుంటే చాలు. మీకు గర్భంలో మధుమేహం వచ్చి ఉంటే, బాలింతగా పనుల్లో పడి మూడు నెలలకు చేయించుకోవాల్సిన హెచ్‌బీఏ1సీ పరీక్షను వాయిదా వేయకండి. ఆ తర్వాత ఏటా ఒకసారి చేయించుకోవాలి.