జింక్ సల్ఫేట్: తయారీ, గుణాలు, పరీక్ష

ఢిల్లీకి ఉత్తరాన ఉన్న సోనీపత్, కర్నాల్ జిల్లాల వరి రైతులు యూరియాతో పాటు ఒక తెల్లని లవణాన్ని కూడా పొలానికి వేస్తారు. హిందీలో జస్తా అనీ, సంస్కృతంలో యశదమనీ, తెలుగులో తుత్తునాగమనీ వ్యవహరించే లోహం నుండి లభించే ఈ లవణమే జింక్ సల్ఫేట్.

తరాయి ప్రాంతంలో వరిని పీడించిన 'ఖైరా' వ్యాధికి కారణం శిలీంధ్రం కాదనీ, నేలలో జింకు లోపమేననీ పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో డాక్టర్ వై. ఎల్. నేనె 1966లో కనుగొన్నారు. ఖైరా అంటే కాచు రంగు. ఆకులపై కనిపించే గోధుమ మచ్చలను బట్టి ఆ పేరు వచ్చింది. దీనిని తెలుగులో 'కాచు తెగులు' అనవచ్చు గాని, తెగులనగానే మందు చల్లాలని తోస్తుంది, లోపమనడమే మేలు. నివారణకు హెక్టారుకు 5 కిలోల జింక్ సల్ఫేట్, 2.5 కిలోల తడిసున్నం 1000 లీటర్ల నీటిలో కలిపి చల్లమన్నారు. ఈ లవణ ద్రావణానికి ఆమ్ల స్వభావం ఉంది. సున్నం దానిని తటస్థపరచి, ఆకు మాడకుండా కాపాడుతుంది.

ప్రయోగశాలలో దీని తయారీ సులభం. జింకు ముక్కలపై సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తే హైడ్రోజన్ వెలువడి, లవణం ద్రావణంలో మిగులుతుంది. వడపోసి, గాఢపరచి, చల్లార్చితే ఏడు నీటి అణువులతో కూడిన వర్ణరహిత స్ఫటికాలు ఏర్పడతాయి. కర్మాగారాలలో జింకు ఖనిజాన్ని భర్జనం చేసి, లభించిన ఆక్సైడును అదే ఆమ్లంలో కరిగిస్తారు. పొడి గాలిలో స్ఫటికాలు కొంత నీటిని కోల్పోయి పిండిలా మారతాయి. శుద్ధ స్ఫటికంలో జింకు సుమారు 22.7 శాతం, ఎరువుగా అమ్మే సరుకులో కనీసం 21 శాతం ఉండాలన్నది నియమం.

చిక్కంతా ఇక్కడే ఉంది. చౌకగా దొరికే మెగ్నీషియం సల్ఫేట్ స్ఫటికాలు అచ్చంగా ఇలాగే ఉంటాయి. అవి కలిపినా కంటికి తెలియదు. రైతు సొమ్ము పోవడమే కాదు, లోపం తీరక పంట కూడా దెబ్బతింటుంది. అయితే ఇంటర్మీడియట్ విద్యార్థి సైతం ఈ మోసాన్ని పట్టగలడు. నమూనాను నీటిలో కరిగించి, సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణాన్ని బొట్టుబొట్టుగా చేర్చాలి. రెండు లవణాలూ తెల్లని అవక్షేపాన్నే ఇస్తాయి. క్షారాన్ని ఇంకా అధికంగా చేర్చితే జింక్ హైడ్రాక్సైడ్ కరిగిపోయి ద్రావణం తేటపడుతుంది. మెగ్నీషియం హైడ్రాక్సైడ్ కరగదు. కలిపి అమ్మిన సరుకులో ఆ తెలుపు అడుగున మిగిలి కనిపిస్తుంది. క్షారం చర్మాన్ని కాలుస్తుంది కనుక ఈ పరీక్షను అధ్యాపకుని సమక్షంలోనే చేయాలి.