పాత సామానే పెరటికి అందం... నీరు నిలిస్తే మాత్రం ముప్పు

గ్రైండర్లు వచ్చాక రుబ్బురోలు మూలన పడింది. ట్రాక్టరు వచ్చాక బండి చక్రం గొడ్లపాకకు చేరగిలబడింది. పాత ఇల్లు విప్పితే బంగాళా పెంకులు గుట్టగా మిగులుతాయి. వీటిని కారుచౌకగా పాత సామాన్ల వాళ్లకు ఇచ్చేయకండి. కాస్త ఓపిక ఉంటే ఇవే మీ పెరటి తోటకు అలంకారం అవుతాయి.

చండీగఢ్‌లో నేక్‌చంద్ అనే రోడ్ల ఇన్‌స్పెక్టరు 1957లో చేసింది ఇదే. పగిలిన గాజులు, పింగాణీ ముక్కలు, రాళ్లు ఏరితెచ్చి తీరికవేళల్లో బొమ్మలు కట్టారు. ఆ తోటే 1976లో రాక్ గార్డెన్‌గా జనానికి తెరుచుకుంది. 1984లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఏది ఎక్కడ?

బండి చక్రాన్ని నేలకు ఆనించి పెడితే చెద పడుతుంది. రెండు రాళ్ల మీద నిలబెట్టి, వేపనూనె పూసి, శంఖుపూల తీగ పాకించండి. పెంకుల్ని నాలుగు వేళ్ల లోతున వరుసగా పాతితే మడికి గట్టులా నిలుస్తాయి. వానకు మట్టి కొట్టుకుపోదు. నెర్రెలిచ్చిన కుండను పక్కకు పడుకోబెట్టి సగం పాతండి. దాని మూతి దగ్గర నాచుపూల మొక్కలు నాటితే కుండలోంచి పూలు ఒలికినట్టు ఉంటుంది.

బకెట్లు, డబ్బాల్లో మొక్క పెట్టాలంటే అడుగున మూడు నాలుగు చిల్లులు తప్పనిసరి. చిల్లుల మీద పెంకుముక్కలు కప్పండి. రెండు వంతుల ఎర్రమట్టి, ఒక వంతు చివికిన పశువుల ఎరువు, ఒక వంతు ఇసుక కలిపి నింపండి. పైన రెండంగుళాలు ఖాళీ వదలండి.

దోమకు చోటివ్వొద్దు

అసలు జాగ్రత్త ఇక్కడే. డెంగీని మోసే దోమ మురుగు కాలువలో కాదు, టైర్లు, డబ్బాలు, కుండల్లో నిలిచిన తేట నీటిలో పెరుగుతుంది. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. పైగా ఆ గుడ్లు పాత్ర గోడకు అంటుకుని, నీరు ఎండినా నెలల తరబడి చావవు. అందుకే నీళ్లు పారబోస్తే సరిపోదు. వారానికోసారి పీచుతో లోపలంతా గట్టిగా రుద్ది కడగాలి. రోట్లో పిట్టలకు నీళ్లు పోస్తే రోజూ మార్చండి. టైర్లకు కింది వైపు చిల్లులు పెట్టి, లోపలి గాడి కూడా నిండేలా మట్టి కూరండి. కుండీల కింది పళ్లేల సంగతీ మరిచిపోవద్దు.

వీటి జోలికి పోకండి

పురుగు మందు డబ్బాలు ఎంత కడిగినా మొక్కలకు పనికిరావు. పాత బ్యాటరీ పెట్టెల్లో సీసం ఉంటుంది, వాటినీ వాడొద్దు. పగిలిన సిమెంటు రేకుల్ని కోయొద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. గాజుముక్కల్ని అంచులు బయటికి రాకుండా సిమెంటులో పూర్తిగా అద్దండి. రాళ్లు, పెంకులు గుట్టగా పోసి వదిలేస్తే పాములు, తేళ్లు చేరతాయి. పిల్లలు తిరిగే చోట బరువైన రోలు, చక్రం ఊగకుండా స్థిరంగా ఉన్నాయో లేదో చూసుకోండి.

అన్నీ ఒకేసారి తెచ్చి నింపితే పెరడు తోటలా కాక పాత సామాన్ల కొట్టులా కనిపిస్తుంది. ముందు ఒక మూల రెండు వస్తువులతో మొదలుపెట్టండి. వారం వారం కడగగలిగినన్నే పెట్టుకోండి. తోటకు అందం, ఇంటికి ఆరోగ్యం రెండూ దక్కుతాయి.