హృదయమునకు చేయూత

మీ మణికట్టుపై వ్రేళ్లుంచి నాడిని పరీక్షింపుడు. అది నిమిషమునకు 75 మారులు కొట్టుకొనునెడల ఒక్కొక్క స్పందనమునకు 0.8 సెకండు పట్టును. ఇందు సుమారు 0.3 సెకండు హృదయము సంకోచించి రక్తమును వెడలగొట్టును. మిగిలిన 0.5 సెకండు వ్యాకోచించి రక్తముతో నిండును. ఈ రెండవ భాగమును విశ్రాంతి కాలమందము. నేటి పాఠమంతయు ఈ యర సెకండును గూర్చినదే.

శరీరమునంతటిని పోషించు హృదయమునకును పోషణము వలయును. బృహద్ధమని మొదట బయలుదేరు రెండు చిన్న ధమనులు దాని కండరమునకు రక్తము నందించును. హృదయము సంకోచించునపుడు కండరమే వాని శాఖలను నొక్కివేయును. కావున ఎడమ జఠరికకు రక్తము ముఖ్యముగా విశ్రాంతి కాలముననే లభించును. ఈ ధమనులలో క్రొవ్వు పేరుకొని దారి యిరుకైనచో కండరము పస్తుండును. అప్పుడు కాలి సిరతోనో, రొమ్ములోని ధమనితోనో రక్తమునకు క్రొత్తదారి కల్పింతురు. ఈ శస్త్రచికిత్సకు బైపాసని పేరు. కాలి సిరతో చేయు పద్ధతిని 1967లో అమెరికాలోని క్లీవ్‌లాండు నగరమున రెనే ఫావలోరో అను అర్జెంటీనా వైద్యుడు చేసి వ్యాప్తికి దెచ్చెను.

అయితే శస్త్రచికిత్స వరకు నిలుచుటకే శక్తిచాలని హృదయమున కేమి సాయము? ఆ 1967లోనే న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో ఏడ్రియన్ కాంట్రోవిట్జ్ అను వైద్యుడు బుడగ యంత్రమును మొదట రోగులకు ఉపయోగించెను.

దాని పని యిట్టిది. తొడలోని ధమనిగుండ సన్నని గొట్టమును పోనిచ్చి, దాని కొననున్న పొడవైన బుడగను రొమ్ములోని బృహద్ధమనిలో నిలుపుదురు. పెద్దవారికి సాధారణముగ 40 మిల్లీలీటర్ల బుడగ చాలును. హీలియము మిక్కిలి తేలికయైన వాయువగుటచే సన్నని గొట్టములో వేగముగ రాకపోకలు సలుపును. అందుచే దానినే వాడుదురు. బృహద్ధమని కవాటము మూసికొనగనే బుడగ ఉబ్బి, రక్తమును హృదయ ధమనులవైపు నెట్టును. మరల సంకోచము మొదలగుటకు ముందే బుడగ ముడుచుకొనును. అందుచే ధమనిలో నొత్తిడి తగ్గి, హృదయము తక్కువ శ్రమతో రక్తమును వెడలగొట్టగలుగును.

ఉయ్యాల నూపుట మీరెరుగుదురు. ముందుకు పోవునప్పుడు త్రోసిన నది హాయిగ సాగును. మనవైపు వచ్చుచుండగా త్రోసిన నాగిపోవును. బుడగయు నట్టిదే. వేళ తప్పి ఉబ్బెనా, సాయము చేయవలసినదే యడ్డగించును. బృహద్ధమని కవాటము మిక్కిలి కారుచున్నవారికి దీనిని వాడరాదు; వెనుకకు నెట్టబడిన రక్తము జఠరికలోనికే వచ్చిపడును. ఒక్కొక్కప్పుడు గొట్టమున్న కాలికి రక్తము తగ్గుటయు గలదు.

ఇంత చక్కని యుక్తి యెల్లరను బ్రదికించునని తోచును. 2012లో జర్మనీ వైద్యులు గుండెపోటుచే రక్తప్రసరణము కుంగిన 600 మంది రోగులను రెండు భాగములుగా విభజించి, ఒక భాగమునకే బుడగను వాడిరి. ముప్పది దినములలో బుడగగలవారిలో నూటికి సుమారు 40 మందియు, లేనివారిలో సుమారు 41 మందియు మరణించిరి. చెప్పుకోదగిన భేదము లేదు! ఇది బైపాసుకు ముందు వాడుకను గూర్చిన పరీక్ష కాకపోయినను, ఆ వెనుక వైద్యులు బుడగను అందరికిని గాక, రోగి స్థితిని విచారించి కొందరికే వాడుచున్నారు.

విద్యార్థులారా! యుక్తి మనసునకు నచ్చినంతమాత్రమున నిజము కాదు. పరీక్షకు నిలిచిననే నిజము. రోగి ప్రాణము నమ్మి పట్టుకొను చేయి గనుక, ఆ పరీక్ష మరింత ఖండితముగ నుండవలెను.