పాత ఇంటి ప్లాన్లు, కొత్త క్యాడ్: ఫైళ్లు మార్చే ముందు

ఇంటి ప్లాన్ కాగితం చెదలపాలైనా, దాని ఫైలు డ్రాఫ్ట్స్‌మన్ వద్ద భద్రంగా ఉందని చాలామంది ధీమాగా ఉంటారు. పై అంతస్తుకు అనుమతి కోరేనాడు ఆ ఫైలు తెరుచుకుంటుందా, తెరుచుకున్నా మొదట గీసినట్టే కనిపిస్తుందా అన్నది వేరే ప్రశ్న.

ఆటోక్యాడ్ డీడబ్ల్యూజీ ఫైలు రూపం ఏటేటా మారదు. 2013లో ప్రవేశపెట్టిన రూపం 2017 వెర్షన్ వరకు నడిచింది. 2018 రూపం ఆ పిమ్మట పలు వెర్షన్లలో కొనసాగింది. కొత్త వెర్షన్ పాత ఫైలును తెరుస్తుంది. కొత్త రూపంలో సేవ్ చేసినదానిని పాత వెర్షన్ తెరవలేదు. ఫైలు ఏ కాలపుదో తెలియకుంటే దాని నకలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి మొదటి ఆరు అక్షరాలు చూడవచ్చు: ఏసీ1027 అయితే 2013 రూపం, ఏసీ1032 అయితే 2018 రూపం.

అసలు చిక్కు ఏమంటే, ప్లాన్ అంతా ఒక్క ఫైలులో ఉండదు. ఫాంట్లు, ఎక్స్‌రెఫ్‌గా జోడించిన సైట్ ప్లాన్, గీతల మందం నిర్ణయించే ప్లాట్ స్టైల్ విడిగా ఉంటాయి. డీడబ్ల్యూజీని మాత్రమే కొత్త కంప్యూటరుకు తెచ్చుకుంటే ఇవన్నీ పాతదానిలోనే మిగిలిపోతాయి. పలు భాషలు మాట్లాడే నగరాలలో ముందుగా దెబ్బతినేవి పేర్లే. యూనికోడ్‌కు మునుపటి తెలుగు, కన్నడ, తమిళ ఫాంట్లలో చాలావరకు ఆంగ్లాక్షరాల సంకేతాలపైనే మన లిపిని చూపేవి. ఆ ఫాంటు లేనిచోట యజమాని పేరు, వీధి పేరు అర్థంలేని ఆంగ్లాక్షరాల వరుసగా మారతాయి. గోడలు మాత్రం చెక్కుచెదరవు గనుక తొందరలో ఎవరి కంటా పడదు. ఆ ప్రింటే అనుమతి దరఖాస్తుకు జతపడుతుంది.

కనుక పాత కంప్యూటరు పనిచేస్తుండగానే ఈట్రాన్స్‌మిట్ ఆదేశంతో, ఫాంట్లను కూడా చేర్చమని ఎంచుకొని, అన్నింటినీ ఒకే మూటగా కట్టించుకోవాలి. పాత ఫాంటులోని రాతను యూనికోడ్‌లో తిరిగి టైపు చేయించాలి. ఇది విసుగు పుట్టించే పనే, కాని ఒక్కసారితో తీరిపోతుంది.

కొత్త వెర్షన్‌లో తెరిచాక ఆడిట్ ఆదేశం ఫైలులోని లోపాలను వెదకుతుంది. కొలత తప్పిందో లేదో అది చెప్పదు. అంగుళాల్లో గీసిన బొమ్మను మిల్లీమీటర్ల ఫైలులో చేర్చేటప్పుడు యూనిట్ల అమరిక తప్పితే 25.4 రెట్ల తేడా వస్తుంది. పాత ప్రింటును పక్కన పెట్టుకొని ఒక గది వెడల్పు, గోడ మందం, ప్రహరీకి ఇంటికి మధ్య వదిలిన స్థలం కొలిచి చూడండి. ఇవి సరిపోయే వరకు అసలు ఫైలుపై కొత్త రూపంలో సేవ్ చేయవద్దని డ్రాఫ్ట్స్‌మన్‌కు ముందే చెప్పి, ఒక నకలును మీ వద్ద ఉంచుకోండి.