హైబ్రిడ్ మిరప గింజ రెండో ఏడు ఎందుకు తేడా కొడుతుంది?

పై వీడియోలో మిరప పువ్వు విప్పి పుప్పొడి చూపించాను. ఆ పుప్పొడి ఎలా తయారవుతుందో తెలిస్తే, ఏ గింజ దాచుకోవచ్చో, ఏది దాచుకోకూడదో మనకే అర్థమైపోద్ది.

మిరప ఆకు, వేరు, కాండం ఏది తీసుకున్నా మామూలుగా ఒక్కో కణంలో 24 క్రోమోజోములు ఉంటాయి. గుణాలను మోసే పోగులు అనుకోండి. తల్లి వైపు 12, తండ్రి వైపు 12, మొత్తం 12 జతలు. మొక్క పెరిగేటప్పుడు కణం రెండుగా చీలితే రెండింటికీ 24 చొప్పున వస్తాయి.

మొగ్గలో మాత్రం లెక్క వేరు. కేసరం తిత్తిలో ఒక తల్లి కణం వరసగా రెండుసార్లు చీలి నాలుగు పుప్పొడి రేణువులవుతుంది. ఒక్కోదానికి 12 పోగులే. పిందెగా మారే భాగంలోనూ నాలుగు కణాలు వస్తాయి గానీ, మూడు నశించి ఒక్కటే మిగులుతుంది. అండం దాన్నుంచే వస్తుంది. పుప్పొడి 12, అండం 12 కలిస్తే గింజలో మళ్లీ 24.

పశువుల్లోనూ ఇదే పద్ధతి. మన ఒంగోలు ఆవుకి 60 క్రోమోజోములు. అండంలో 30, వీర్యకణంలో 30. ఆంబోతులో ఒక తల్లి కణం నాలుగు వీర్యకణాలు ఇస్తుంది, అందుకు దాదాపు రెండు నెలలు పడుతుంది. ఆవులో ఒక్క అండమే వస్తుంది.

ఇక అసలు విషయం. ప్రతి జతలోంచి ఏ పోగు వస్తుందనేది చీటీ తీసినట్టే. 12 జతలకి 4,096 రకాల కలయికలు. పైగా జతలోని పోగులు ముక్కలు కూడా మార్చుకుంటాయి. హైబ్రిడ్‌లో తల్లి పోగులు, తండ్రి పోగులు వేరువేరు. అందుకే దాని గింజ వేస్తే ఒక మొక్క పొట్టి, ఒకటి పొడుగు, ఒకదాని కాయ ముడత. యార్డులో కాయ ఒక్కతీరుగా లేకపోతే రేటు కోసేస్తారు, ఏడాది కష్టం పోతుంది.

గుంటూరు లాం ఫారం ఎల్‌సీఏ 334 లాంటి సూటి రకాల్లో జతలోని రెండు పోగులూ దాదాపు ఒకటే. ఎలా కలిపినా అదే మొక్క వస్తుంది. ఆ గింజ దాచుకోవచ్చు.

కాకపోతే తేనెటీగలు పక్క తోట పుప్పొడి మోసుకొస్తాయి. ఫౌండేషన్ విత్తనానికి వేరే మిరప రకం నుంచి 400 మీటర్ల దూరం ఉండాలని నిబంధన. మన పొదిలి పొలాల్లో అంత ఖాళీ కష్టం. కాబట్టి ఇలా చేయండి:

1. తేడా మొక్కల్ని పూత రాకముందే పీకేయండి.
2. చేను మధ్యలో తెగులు లేని మొక్కలకు రిబ్బన్ కట్టండి.
3. మొగ్గ విడవకముందే సన్న నైలాన్ వల కప్పండి. మిరప తన పుప్పొడితోనే కాయ కడుతుంది. ఉదయం పూట కొమ్మను మెల్లగా కదిపితే చాలు.
4. కాయ కట్టాక వల తీసేసి, ఆ కాయలకు దారం కట్టి, ఎర్రగా పండాక వాటి గింజే తీయండి.